ఒకే మబ్బు... మూడు కబుర్లు!

పొద్దున చూస్తే ఆకాశం కడిగిన పలకలా ఉంటుంది. మధ్యాహ్నానికి ఓ మూల తెల్లగా పొంగుతుంది. సాయంత్రానికి నగరం మోకాలి లోతు నీళ్లలో ఉంటుంది. దసరాకూ దీపావళికీ నడుమ హైదరాబాద్‌ వానల తీరిది. అదే మబ్బును పైలట్‌ ఒకలా చదువుతాడు, బోటు నడిపేవాడు ఇంకోలా చదువుతాడు. మరి, యూసుఫ్‌గూడ పల్లంలో అద్దెకుండే మనిషి?

తెల్లవారుజామున అయిదు కూడా కాదు. యూసుఫ్‌గూడను ఆనుకునే ఉన్న కృష్ణానగర్‌లో టీ కొట్లు అప్పటికే పొగలు కక్కుతుంటాయి. జూనియర్‌ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, మేకప్‌ సహాయకులు, డ్రైవర్లు... ఎవరి వ్యాను కోసం వాళ్ల ఎదురుచూపులు. ప్రొడక్షన్‌ మేనేజరు ఒక చేత్తో టీ గ్లాసు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ఓసారి తల పైకెత్తుతాడు. ఒక్క మబ్బు తునక లేదు. చుక్కలు కూడా తేటగా కనిపిస్తుంటాయి. 'ఇవాళ లైటుకు ఢోకా లేదు' అనుకుంటారంతా. వ్యాన్లు నగర శివార్ల వైపు సాగిపోతాయి.

మధ్యాహ్నం రెండింటికి కథ మారుతుంది. దూరంగా గోపురంలా ఓ మబ్బు లేస్తుంది. అడుగున నల్లగా, పైన కాలీఫ్లవర్‌లా తెల్లగా. కెమెరామన్‌కు ముందు వచ్చే చిక్కు వానతో కాదు, వెలుగుతో! సూర్యుడు ఓ నిమిషం చాటుకు, ఓ నిమిషం బయటికి... ఇందాక తీసిన షాట్‌కూ ఇప్పుడు తీసేదానికీ పొంతన కుదరదు. యూనిట్‌ మొత్తం గొడుగుల కింద కూర్చుని పైకి చూస్తుంటుంది. 'ప్యాకప్‌' అన్న మాట వినిపిస్తే రోజు కూలీ మీద బతికేవాడి మనసులో ఇంకో లెక్క మొదలవుతుంది. ఇంటి గుమ్మం దాకా నీళ్లు వచ్చి ఉంటాయా అన్నది ఆ లెక్కలో రెండో భాగం.

సరిగ్గా అదే సమయంలో ఆ మబ్బును మరో ఇద్దరు చూస్తుంటారు. శంషాబాద్‌లో దిగాల్సిన విమానంలోని పైలట్‌ ఒకరు. హుస్సేన్‌సాగర్‌ ఒడ్డున లుంబినీ పార్కు దగ్గర పర్యాటకుల్ని ఎక్కించుకుంటున్న బోటు డ్రైవరు ఇంకొకరు. మొదటివాడికి వాతావరణం కబురు అరగంటకోసారి అంకెలతో సహా అందుతుంది. రెండోవాడికి 'గాలి లేస్తే ఒడ్డు చేరు' అన్న ఒక్క నియమం చాలు. మూడోవాడు, అంటే నేల మీదున్నవాడు, చాలావరకు తన కంటి మీదా, పక్కవీధి వాళ్లు పంపే వాట్సప్‌ వీడియో మీదా ఆధారపడి నెట్టుకొస్తున్నాడు. ముగ్గురిలో ఎక్కువ మంది ఉన్నదీ, ఎక్కువ నష్టపోతున్నదీ ఈ మూడో జట్టే.

గంప ఎత్తే కాలం

పంచాంగం ప్రకారం ఆశ్వయుజ, కార్తీకాలు శరదృతువు. కవులకు వెన్నెల కాలం. రైతులకు మాత్రం కార్తెల కాలం. సెప్టెంబరు 13 ప్రాంతంలో ఉత్తర, 27 ప్రాంతంలో హస్త, అక్టోబరు 10, 11 తేదీలకు చిత్త, 24కు స్వాతి, నవంబరు 6కు విశాఖ వస్తాయి. 'ఉత్తర చూసి ఎత్తర గంప' అన్నారు పెద్దలు. ఉత్తర కార్తెకూ చినుకు పడకపోతే గంప నెత్తిన పెట్టుకుని ఊరు విడవాల్సిందేనని అర్థం. నగరంలో ఇప్పుడు వ్యవహారం తిరగబడింది. ఉత్తర దాటాక వాన పడితేనే గంపలు, గిన్నెలు ఎత్తి అటక మీద పెట్టాల్సి వస్తోంది!

చరిత్రను కాస్త తిరగేస్తే ఈ కార్తెలు ఎంతటివో తెలుస్తుంది. మూసీ మహావరద వచ్చింది 1908 సెప్టెంబరు 28న. అంటే హస్తలో. దాదాపు 15 వేల మందిని పొట్టన పెట్టుకుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్‌, హిమాయత్‌సాగర్‌ పుట్టింది ఆ దుఃఖంలోంచే. 117 ఏళ్ల తర్వాత, 2025 సెప్టెంబరు 26 రాత్రి, ఆ జంట జలాశయాల గేట్లు ఎత్తితే మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చేసింది. పండక్కి ఊళ్లకు బయల్దేరినవాళ్లు ప్లాట్‌ఫారాల మీదే చిక్కుకుపోయారు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని చితక్కొట్టిన హుద్‌హుద్‌ తుపాను చిత్తలో వచ్చింది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను ముంచిన వానా చిత్తదే. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటి, మర్నాడు వరంగల్‌ను నీట ముంచిన మొంథా తుపాను స్వాతిది.

ఎందుకిలా? నాలుగు నెలలు ఏకధాటిగా పడమటి నుంచి వీచిన నైరుతి గాలులు సెప్టెంబరు చివర్లో నీరసపడతాయి. అక్టోబరు రెండో వారం అటూ ఇటూగా తెలంగాణ నుంచి తప్పుకుంటాయి. ఈశాన్యపు గాలులు ఇంకా కుదురుకోవు. పాత కాపురం ఖాళీ చేసి కొత్తవాళ్లు దిగే లోపు ఇల్లు ఎలా ఉంటుందో, ఆకాశం అలా ఉంటుంది. నేలలో తేమ దండిగా ఉంటుంది. మబ్బులు వీడటంతో ఎండ చుర్రుమంటుంది. తడి, వేడి కలిసి ఆవిరి పైకి తన్నుకుపోతుంది. మధ్యాహ్నం దాటేసరికి ఆ ఆవిరే 12, 15 కిలోమీటర్ల ఎత్తున మేఘంగా నిలబడుతుంది. వాతావరణ శాస్త్రవేత్తలు క్యుములోనింబస్‌ అని పిలిచేది దాన్నే. మన పల్లెల్లో కారుమబ్బు అంటారు.

ఇది పిలవని చుట్టం. గంట ముందు దాకా ఎవరింటికి వస్తుందో తెలియదు. ఇంకో రకం ఉంది. అది ఉత్తరం రాసి మరీ వచ్చే చుట్టం. బంగాళాఖాతం ఈ నెలల్లో వేడిగా ఉంటుంది. అక్కడ పుట్టిన అల్పపీడనం వాయుగుండంగా, తీవ్ర వాయుగుండంగా, ఒక్కోసారి తుపానుగా బలపడి తీరం దాటుతుంది. ఎక్కడ, ఎప్పుడన్నది రెండు మూడు రోజుల ముందే చెప్పగలుగుతున్నారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసిన నాటికీ నేటికీ ఈ విషయంలో వచ్చిన మార్పు సామాన్యమైనది కాదు.

అయిదు రోజులు... రెండు చుట్టాలు

ఈ ఇద్దరు చుట్టాలూ ఒకే వారంలో వచ్చిన సందర్భం హైదరాబాదీలకు బాగా గుర్తు. 2020 అక్టోబరు 13 ఉదయం ఒక తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. మామూలుగా అయితే నేలెక్కాక నీరసించాలి. ఇది మాత్రం తెలంగాణ మీదుగా పడమటికి నడుస్తూ దారంతా కుమ్మరించింది. మర్నాడు ఉదయం 8.30కి లెక్క చూస్తే బేగంపేటలో 24 గంటల వాన 19.2 సెంటీమీటర్లు. అక్టోబరు నెలలో అక్కడ ఒక్క రోజులో అంత వాన 1903 తర్వాత అదే మొదటిసారి. ఆనాటి రికార్డు 11.7 సెంటీమీటర్లే! ఘట్‌కేసర్‌లో అయితే ఏకంగా 32 దాటింది. నెల మొత్తానికి కలిపి నగరంలో మామూలుగా పడేది పది సెంటీమీటర్ల చిల్లర. బోరబండలో వీధి వాగై కార్లను, బైకులను లాక్కుపోయిన దృశ్యాలు టీవీల్లో దేశమంతా చూసింది.

వాయుగుండం పోయింది కదా అని అందరూ ఇళ్లు కడుక్కుంటున్నారు. 17వ తేదీ సాయంత్రం మళ్లీ కురిసింది. ఈసారి వాయుగుండమూ లేదు, తుపానూ లేదు. ఉరుములతో వచ్చిన కారుమబ్బులే. బాలాపూర్‌ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగింది. నాలుగు రోజుల కిందట మునిగిన ఇళ్లే కొన్ని చోట్ల మళ్లీ మునిగాయి. మొదటి వాన గురించి ముందే తెలుసు. రెండోది గంటల వ్యవధిలో వచ్చిపడింది. నష్టపోయినవాడికి మాత్రం రెండూ ఒక్కటే.

ఇక్కడో చిన్న మెలిక చెప్పుకోవాలి. పేపర్లో 'హైదరాబాద్‌లో ఇంత వాన' అని చదివేది చాలాకాలంగా బేగంపేట లెక్కే. పాత విమానాశ్రయం ఆవరణలోని వాతావరణ కేంద్రంలో కొలిచింది. ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 దాకా పడింది ఒక రోజు వాన. యూసుఫ్‌గూడ అక్కడికి కాకి నడకన కొద్ది కిలోమీటర్లు. కారుమబ్బు వెడల్పు కొన్ని కిలోమీటర్లకు మించదు. కాబట్టి బేగంపేట కొలపాత్రలో చుక్క పడని రోజు కృష్ణానగర్‌లో బైకులు కొట్టుకుపోవచ్చు. 'వాన లేదంటున్నారేంటి, మా ఇంట్లో చూడండి' అని ఫోన్లు చేసేవాళ్లదీ తప్పు కాదు, లెక్క చెప్పినవాళ్లదీ తప్పు కాదు. ఆ లోటు తీర్చడానికే రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థ తెలంగాణ అంతటా వెయ్యికి పైగా ఆటోమేటిక్‌ వాతావరణ కేంద్రాలు పెట్టింది. ఇప్పుడు నగరంలో పేటల వారీగా వాన లెక్కలు వస్తున్నాయి. కాకపోతే అవి వాన పడ్డాక వచ్చే లెక్కలు!

గుట్ట మీది నీళ్లు గుమ్మంలోకి

జూబ్లీహిల్స్‌ అంటే గుట్టలు. ఆ గుట్టల మీద ఫిల్మ్‌నగర్‌, స్టూడియోలు, బంగళాలు. యూసుఫ్‌గూడ, కృష్ణానగర్‌ ఆ గుట్టల పాదాల దగ్గరుంటాయి. ఒకప్పుడు రాళ్ల సందుల్లో, మట్టిలో ఇంకిన వాన ఇప్పుడు సిమెంటు మీదా తారు మీదా జారి నేరుగా కిందికి దిగుతుంది. సినిమా కథలా ఉంటుంది కానీ, తెర మీద కనిపించేవాళ్ల వీధుల్లో కురిసిన నీరే తెర వెనక పనిచేసేవాళ్ల గదుల్లోకి వస్తుంది.

ఎంత నీరు? లెక్క కష్టం కాదు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. 200 గజాల ఇంటి స్థలం అంటే సుమారు 167 చదరపు మీటర్లు. దాని మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 16,700 లీటర్లు. ఎండాకాలంలో డబ్బులిచ్చి తెప్పించుకునే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు నిండి ఇంకా మిగులుతాయి. అదే వాన ఒక చదరపు కిలోమీటరు గుట్ట మీద పడితే పది కోట్ల లీటర్లు! అందులో సగం ఇంకిపోయినా మిగతా సగం దిగిరావడానికి ఉన్నవి ఇరుకు నాలాలు. ఆ దారిలో మొదట తగిలేవి సెల్లార్లు, కింది అంతస్తు గదులు. అద్దె కాస్త తక్కువని చేరేదీ వాటిలోనే.

ఆ నీళ్లు అక్కడ ఆగవు. మధురానగర్‌, అమీర్‌పేట దిక్కున దిగి, దారిలో కనబడ్డ చెత్తనంతా వెంటేసుకుని చివరికి హుస్సేన్‌సాగర్‌కు చేరతాయి. కృష్ణానగర్‌ గుమ్మాన్ని తడిపిన నీటి మీదే మర్నాడు పర్యాటకుల బోటు తిరుగుతుందన్నమాట.

పైలట్‌కు ఏం చెబుతారు?

2008 మార్చి 23 వరకు విమానాలు బేగంపేటలో దిగేవి. యూసుఫ్‌గూడ వాసులకు ఆ మోత అలవాటే. ఆ రోజు నుంచి ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కు మారాయి. వాతావరణ కేంద్రం మాత్రం బేగంపేటలోనే ఉంది. రోజుకు రెండుసార్లు, తెల్లవారుజామునా సాయంత్రమూ, అక్కడ హైడ్రోజన్‌ బెలూను ఎగరేస్తారు. దానికి కట్టిన చిన్న పెట్టె ఇరవై కిలోమీటర్లకు పైగా ఎగిరి, పోతూ పోతూ వేడి, తేమ, గాలి ఎలా ఉన్నాయో రేడియో ద్వారా చెబుతుంది. మధ్యాహ్నం కారుమబ్బు లేస్తుందా లేదా అన్న అంచనాకు ఉదయం బెలూను చెప్పిన మాటే మూలం. తోడుగా డాప్లర్‌ రాడార్‌ ఉంది. మబ్బులో నీరెంతుందో, అది ఎటు కదులుతోందో చూపిస్తుంది.

పైలట్‌కు 'ఆకాశం పాక్షికంగా మేఘావృతం' అని చెబితే కుదరదు. గాలి ఏ దిక్కు నుంచి, ఎన్ని నాట్ల వేగంతో? రన్‌వే మీద ఎంత దూరం కనిపిస్తోంది? మబ్బు అడుగు నేల నుంచి ఎన్ని అడుగుల ఎత్తున ఉంది? కారుమబ్బు ఉందా? అరగంటకోసారి ఈ వివరాలన్నీ ఒక పొట్టి సందేశంగా విమానాశ్రయం నుంచి వెళతాయి. రాబోయే 24, 30 గంటల అంచనా వేరుగా ఉంటుంది.

శరత్తులో ఇంకో తమాషా జరుగుతుంది. విమానం ఎప్పుడూ ఎదురుగాలిలో దిగుతుంది, ఎదురుగాలిలోనే లేస్తుంది. శంషాబాద్‌ రన్‌వే తూర్పు పడమరలుగా, 4,260 మీటర్ల పొడవుంటుంది. నైరుతి కాలంలో పడమటి గాలి కాబట్టి విమానాలు తూర్పు నుంచి వచ్చి పడమటికి ముఖం పెట్టి దిగుతాయి. గాలి తిరిగాక పడమటి నుంచి వచ్చి తూర్పుకు ముఖం పెడతాయి. ఆ పరిసరాల్లో ఉండేవాళ్లు పంచాంగం చూడకుండానే రుతువు మారిందని చెప్పేయొచ్చు. తలమీది విమానాల మోత అటు నుంచి ఇటు మారితే ఈశాన్యం వచ్చినట్టే!

పైలట్‌ను భయపెట్టేది వాన కాదు. కారుమబ్బు లోపలి నుంచి కిందికి దూకే చల్లగాలి. బకెట్‌ నీళ్లు నేల మీద గుమ్మరిస్తే నాలుగు దిక్కులకూ ఎలా చిమ్ముతాయో, ఆ గాలి అలా చిమ్ముతుంది. దిగబోతున్న విమానానికి ముందు ఎదురుగాలి తగిలి పైకి లేపుతుంది, క్షణాల్లో అదే వెనకగాలిగా మారి కిందికి తోసేస్తుంది. అందుకే మబ్బు రన్‌వే మీద ఉంటే విమానం చక్కర్లు కొడుతుంది. తప్పకపోతే విజయవాడకో బెంగళూరుకో వెళ్లిపోతుంది. లోపలున్నవాళ్లు విసుక్కుంటారు. ఆ విసుగు మంచిదే.

2009 సెప్టెంబరు 2ను తెలుగువాళ్లు మర్చిపోలేరు. ఆ ఉదయం అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్‌.రాజశేఖరరెడ్డితో బేగంపేటలో లేచిన హెలికాప్టర్‌ చిత్తూరు జిల్లాకు వెళుతూ నల్లమలలోని పావురాలగుట్ట దగ్గర కూలింది. అందులోని అయిదుగురూ చనిపోయారు. కిందికి తోసే బలమైన గాలిలో చిక్కుకుని అదుపు తప్పడమే ప్రమాదానికి కారణం కావచ్చని, ఒక సాంకేతిక హెచ్చరికను సరిచేసే ప్రయత్నంలో ఉన్న సిబ్బంది వాతావరణాన్ని సరిగా అంచనా వేయలేకపోయారని దర్యాప్తు నివేదిక తేల్చింది.

ఇక హుద్‌హుద్‌ సంగతి. ఆ తుపాను విశాఖ విమానాశ్రయం పైకప్పును కూడా వదల్లేదు. మళ్లీ విమానాలు ఎగిరింది అక్టోబరు 17న. అయిదు రోజులు ఊరికి ఆకాశమార్గం లేదు.

నీటి మీద చూపు వేరు

బోటువాడికి సెంటీమీటర్లతో పని లేదు. వాన పడితే తడుస్తారు, అంతే. అతని శత్రువు గాలి. హుస్సేన్‌సాగర్‌ నాలుగు చదరపు కిలోమీటర్ల పైచిలుకు విస్తీర్ణం ఉన్న బయలు. చుట్టూ ఎత్తైన గట్టు లేదు. కారుమబ్బు కిలోమీటర్ల దూరాన ఉండగానే దాని చల్లగాలి ముందు దూతలా వచ్చేస్తుంది. ఉక్కగా ఉన్నచోట ఉన్నట్టుండి చల్లబడిందా, నీటి మీద ముదురు రంగు గీత ఒకటి తోసుకొస్తోందా... అనుభవమున్న డ్రైవరు బుద్ధ విగ్రహం వైపు వెళ్లడు, ఒడ్డుకు తిప్పుతాడు. ఖాళీగా ఉన్న బోటు కంటే నిండుగా జనం ఉన్న బోటుతోనే బెంగ. గాలి కుదుపుకు అందరూ లేచి ఒక పక్కకు ఉరికితే ఎంత పెద్ద బోటైనా ఒరుగుతుంది. లైఫ్‌జాకెట్‌ ఫొటో దిగాక విప్పేసేవాళ్లు ఒక్కసారి ఈ సంగతి తలుచుకోవాలి.

అదే చెరువులో తెరచాప పడవల క్రీడాకారులకు మాత్రం గాలే అన్నం. జులై, ఆగస్టుల్లో ఇక్కడ సెయిలింగ్‌ పోటీలు జరిగేది నైరుతి గాలిని నమ్ముకునే. అక్టోబరు వస్తే ఆ గాలి పడిపోతుంది. ఒకరికి ముచ్చటైన చెరువు ఇంకొకరికి చప్పగా ఉంటుంది.

నది మీద పరిస్థితి ఇంకా వేరు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన రాయల్‌ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. 50 మంది దాకా ప్రాణాలు పోయాయి. వాళ్లలో తెలంగాణ నుంచి వెళ్లినవాళ్లు ఎందరో. ఆ రోజు గోదావరిలో వరద అయిదు లక్షల క్యూసెక్కుల పైన ఉంది. బోటు మీద ఆకాశం ఎలా ఉందన్నది అక్కడ లెక్కలోకి రాదు. వాన పడింది ఎగువన, ఎక్కడో. ధర్మాడి సత్యం బృందం ఆ బోటును బయటికి లాగింది అక్టోబరు 22న. నాగార్జునసాగర్‌ నుంచి శ్రీశైలానికి లాంచీ ప్రయాణం, భద్రాచలం వైపు షికార్లు... నీళ్లు నిండుగా ఉండే ఈ రోజుల్లోనే అందరికీ గుర్తొస్తాయి. టికెట్‌ కొనేముందు అడగాల్సిన ప్రశ్న 'అక్కడ వాన ఉందా' అన్నది ఒక్కటే కాదు, 'పై నుంచి ఎంత నీరు వదులుతున్నారు' అన్నది కూడా.

పసుపు అంటే సెలవు కాదు

మళ్లీ నేల మీదికి వద్దాం. వాతావరణశాఖ రోజూ జిల్లాల పటానికి రంగులు వేస్తుంది. ఆకుపచ్చ అయితే హెచ్చరిక లేదు. పసుపు అంటే కనిపెట్టి ఉండండి అని. నారింజ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే ఇక కదలండి. చాలామంది పసుపు చూసి బడికి సెలవు అనుకుంటారు. రెండుసార్లు వాన పడకపోతే మూడోసారి నారింజను కూడా పట్టించుకోరు. అసలు ప్రమాదం ఈ రెండోదే. మాటలకూ కొలతలున్నాయి. 'భారీ వర్షం' అంటే రోజుకు 6.5 సెంటీమీటర్ల నుంచి 11.5 దాకా. 'అతి భారీ' అంటే ఆ పైన 20.4 వరకు. అది దాటితే 'అత్యంత భారీ'. కృష్ణానగర్‌ లాంటి పల్లానికి మొదటి మాటే ఎక్కువ. పైగా ఈ కొలత రోజు మొత్తానిది. ఆ ఆరున్నర సెంటీమీటర్లు 24 గంటల్లో పడితే ముసురు. గంటలో పడితే వరద. రంగు ఆ తేడా చెప్పదు.

సీజన్‌ మొత్తానికి అంచనా ఉండదా అంటే... ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల అంచనాను వాతావరణశాఖ ఏటా విడుదల చేస్తుంది. అందులో తమిళనాడు, కోస్తాంధ్ర, రాయలసీమ, కేరళ, దక్షిణ కర్ణాటక ఉంటాయి. తెలంగాణ ఉండదు! ఇక్కడికి ఈశాన్యం పెద్దగా అందదు కాబట్టి అది సబబే. దేశమంతటికీ వేసే నెలవారీ అంచనా పటంలో చూసుకోవాల్సిందే. కానీ ఈ నగరాన్ని ముంచిన పెద్ద వానల్లో ఎన్ని హస్త, చిత్తల్లోనే వచ్చాయో పైన చూశాం కదా. రెండు రుతుపవనాల సందులో పడే ఈ నెలన్నరే హైదరాబాద్‌కు గండం.

అందుకని ఈ నెలల్లో వారానికోసారి కాదు, పూటకోసారి చూడాలి. మూడు గంటల ముందు ఇచ్చే తక్షణ హెచ్చరికలు ఇప్పుడు 'మౌసమ్‌' యాప్‌లోనే దొరుకుతున్నాయి. పిడుగులకు 'దామిని' ఉంది. మీరున్న చోటికి 20 నుంచి 40 కిలోమీటర్ల లోపు పిడుగులు పడే సూచనలుంటే అరగంట ముందు చెబుతుంది. బయలు ప్రదేశంలో ఇనుప క్రేన్లు, లైటు స్టాండ్ల మధ్య పనిచేసే యూనిట్లకు ఆ అరగంట బంగారం. రాడార్‌ బొమ్మ చూడటం కూడా బ్రహ్మవిద్యేం కాదు. ఎర్ర మచ్చ ఎటు నుంచి ఎటు జరుగుతోందో రెండు మూడు బొమ్మలు వరసగా చూస్తే పదో తరగతి పిల్లాడైనా చెప్పేస్తాడు.

చెప్పాల్సింది ఇంకా ఉంది. విమానం రన్‌వేకు విడిగా కబురు వెళుతున్నప్పుడు, ఏటా మునిగే వీధులు ఏవో అందరికీ తెలిసినప్పుడు, ఆ వీధికి విడిగా ఓ కబురు ఎందుకు వెళ్లదు? గుట్ట మీద వాన కొలిచే యంత్రం ఉంది. ఆ నీరు పల్లానికి చేరడానికి పట్టే నిమిషాలు ఇన్నేళ్ల అనుభవంతో లెక్కగట్టొచ్చు. 'పైన మూడు సెంటీమీటర్లు పడింది, బైకులు తీయండి, మెయిన్‌ స్విచ్‌ కట్టేయండి' అని పావుగంట ముందు ఒక్క మైకు అరిచినా చాలు. నాలాలు వెడల్పు చేయడానికి ఏళ్లు పడుతుంది, కోట్లు కావాలి. మైకుకు అంత ఖర్చు కాదు.

ప్రస్తుతానికి ఆ పని వీధివాళ్లే చేసుకుంటున్నారు. ఎగువన ఉండే బంధువుకో స్నేహితుడికో ఫోన్‌. 'అన్నా, మీ దగ్గర పడుతోందా?' అవునంటే ఇక్కడ హడావిడి మొదలు. బైకులు ఎత్తైన చోటికి పోతాయి. ఇన్వర్టర్‌ బల్ల మీదికి, బియ్యం డబ్బా అటక మీదికి, గ్యాస్‌ సిలిండర్‌ మంచం మీదికి. పిల్లల పుస్తకాల సంచి గోడకు. గుమ్మానికి అడ్డంగా ఇసుక మూటలో, సిమెంటుతో కట్టిన జానెడు గట్టో. కొన్ని ఇళ్లలో ఆ గట్టు ప్రతి ఏడూ ఒక వరస పెరుగుతోంది.

సాయంత్రం అయిదున్నర. పొద్దున వెళ్లిన వ్యాన్లు ఒక్కొక్కటే తిరిగొస్తుంటాయి. గుట్ట మీద మబ్బు నల్లబడింది, ఓసారి ఉరిమింది. గాలి వీచింది. వీధిలో అందరూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. పావుగంట గడిచింది. మబ్బు ఎటో జరిగిపోయింది. వాన ఇంకే పేటలోనో పడి ఉంటుంది. టీ కొట్టు దగ్గర మళ్లీ జనం చేరారు. రేపటి కాల్‌షీట్‌ గురించి మాటలు మొదలయ్యాయి.

మంచం మీది సిలిండర్‌ను మాత్రం ఎవరూ దించలేదు. చిత్త వెళ్లడానికి ఇంకా పది రోజులుంది.